ఎడమకాలి మేజోడు

వాళ్ళింట్లో అల్లిక ఒక జబ్బు. తల్లికి ముందు పట్టుకుంది, తల్లి నుంచి కూతురికి అంటుకుంది. ఆ రెండో అంతస్తు వాటాలో కుర్చీలో కూర్చోవాలంటే ముందు ఊలు ఉండ పక్కకి తియ్యాలి, సోఫాలో చెయ్యి ఆనిస్తే ఏదో ఒక సూది గుచ్చుకోవాలి. వాళ్ళని ఎరిగిన పాపానికి అందరికీ ఏదో ఒకటి ముట్టేది. ఉత్తరాలు తెచ్చే ఆయనకి చేతితొడుగులు, కింది వాటా మొగుడూ పెళ్ళాలకి క్రోషా బల్లగుడ్డ, పళ్ళ డాక్టరు దగ్గర చీటీలు రాసే అమ్మాయికి భుజాన వేసుకునే సంచీ. లిఫ్టులు బాగుచేసే కొడుకైతే తోటి పనివాళ్ళకి మఫ్లర్లు పంచి పంచి విసిగిపోయి, ఇక మా దగ్గర ఖాళీ మెడలు లేవక్కా అని దణ్ణం పెట్టాడు. చెవిన వేసుకుంటేగా. ఎవరికైనా జలుబు చేసిందని తెలిస్తే చాలు, తల్లీకూతుళ్ళ కళ్ళు వెంటనే ఆ మనిషి తల కొలత మీద పడేవి.

కూతురికి నలభై తొమ్మిదేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు అడగడం మానేసి కూడా చాలా కాలమైంది. ఊలు కొట్లో పని. పగలంతా అమ్మకం, సాయంత్రం పూట కొట్టు వెనక గదిలో పదిమందిని కూర్చోబెట్టి అల్లిక నేర్పడం. అందుకని కొట్లోనూ వీధిలోనూ ఆమెని టీచరు అనే పిలిచేవారు. తమ్ముడి భార్య ఎదురుగా వదినా అని పిలిచినా, తను పనిచేసే పోస్టాఫీసులో మాత్రం ‘మా టీచరు అల్లింది’ అని స్వెట్టరు చూపించుకునేది.

జత వస్తువుల దగ్గర అమ్మకి ఒక పద్ధతి ఉండేది. మేజోళ్ళు గానీ, చేతితొడుగులు గానీ, రెండూ ఒక్క మనిషే అల్లకూడదు. మొదటిది సరదాగా అల్లుతాం, రెండోది ఎప్పుడవుతుందిరా బాబూ అని అల్లుతాం, ఆ విసుగంతా బిగువులో తెలిసిపోతుంది, ఒకటి వదులూ ఒకటి బిగుతూ అయి కూర్చుంటాయి, ఇదీ ఆవిడ వాదన. కాబట్టి జతలో ఒకటి తల్లిది, ఒకటి కూతురిది. ఒకే రోజు మొదలుపెట్టి ఒకే కొలతకి అల్లేవారు. నలభై ఏళ్ళుగా ఇదే వరస. పైకి చూసి ఏది ఎవరిదో చెప్పడం ఎవరి తరమూ కాదు, ఎందుకంటే టీచరు చేతికి ఆ బిగువు వచ్చింది తల్లి చేతి నుంచే. తేడా తెలిసేది లోపల. ముగించాక అమ్మ కూతురు అల్లినదాన్ని తిరగేసి, లోపలి దారాలన్నీ వేలితో తడిమి చూసి, అప్పుడు గానీ పొట్లం కట్టనిచ్చేది కాదు. నలభై తొమ్మిదేళ్ళ టీచరు ఆ ఒక్క నిమిషం మాత్రం బడిలో పలక చూపించే పిల్లలా నిలబడేది. లోలోపల ఒళ్ళు మండిపోయేది కూడా.

తమ్ముడికి పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి బిడ్డ నిలిచింది. మధ్యలో రెండుసార్లు ఆశ పెట్టి పోయింది. ఈసారి కూడా నెలలు నిండకుండానే, శీతకాలం మొదట్లో, ఊపిరి బిగబట్టుకున్నట్టుండే ఓ ఆడపిల్ల పుట్టింది. అద్దాలపెట్టెలో పడుకోబెట్టిన ఆ పిల్లని చూసి తమ్ముడు, ‘ఇది పిల్లేంటక్కా, పిచ్చుక’ అన్నాడు. ఆ పేరే ఖాయమైపోయింది. మూడు వారాలు అక్కడే ఉంచి, బరువు పెరిగాక ఇంటికి పంపుతామన్నారు.

ఇంటికి వచ్చే రోజుకి టోపీ, స్వెట్టరు, దుప్పటి అప్పటికే సిద్ధం. ఇక మిగిలింది మేజోళ్ళు. మీగడరంగు మీద ఇటుకరంగు ఇళ్ళు, చిన్న చిన్నవి, వరసగా. అమ్మే గీసింది ఆ నమూనా. రెండు రంగులతో అల్లేటప్పుడు ఒక చిక్కుంది. ఒక రంగు పైన కుట్టు పడుతుంటే, రెండో రంగు దారం లోపలి వైపు ఊరికే వేలాడుతూ వెళుతుంది. మూడు కుట్లకోసారి దాన్ని మెలేసి పట్టివెయ్యాలి. లేకపోతే లోపల దారం ఉచ్చులా ఉండిపోతుంది, వేళ్ళూ గోళ్ళూ అందులో ఇరుక్కుంటాయి. టీచరు తన దగ్గర నేర్చుకునేవాళ్ళకి మొదటి నెలలో చెప్పే పాఠం అది. పసిపిల్లల వస్తువుల దగ్గర మరీ మరీ చెప్పేది.

అలాంటి టీచరు తన మేజోడు కొట్లోనే, పిల్ల ఇంటికి రావడానికి ముందు రోజు సాయంత్రం, పదకొండుమందికి పాఠం చెబుతూ అల్లింది. ఒకావిడ వరస వరసకీ కుట్టు జారవిడుచుకుని, టీచరుగారూ, టీచరుగారూ అని ప్రాణం తీస్తోంది. ఇంకో పక్క బస్సు వేళవుతోంది. నమూనాలో ఇంటికీ ఇంటికీ మధ్య ఏడు కుట్ల ఎడం. ఆ ఏడు కుట్లలో దారాన్ని ఎక్కడా పట్టివెయ్యకుండా లాక్కెళ్ళిపోయింది. మరిచిపోయి కాదు సుమా, తెలిసే. పైన ఇళ్ళు ముచ్చటగా వచ్చాయి. లోపల ఎవరు చూడొచ్చారులే అనుకుంది.

చూసే మనిషి ఒకతే. ఆ మనిషికి ఒక కంటికి ఆపరేషనయింది, రెండో కంటికి ఇంకా వంతు రాలేదు. మర్నాడు పొద్దున అమ్మ తన మేజోడు ఇచ్చి, ఏదీ నీది, తిరగెయ్యి, అంటూ చెయ్యి చాపితే, బస్సు వెళ్ళిపోతుందమ్మా అని టీచరు రెండూ కలిపి అట్టపెట్టెలో పెట్టి రిబ్బను కట్టేసింది. అమ్మ చాపిన చెయ్యి కాసేపు అలాగే ఉండి, తర్వాత బల్ల మీది దారం ముక్కలు ఏరుకుంది.

పిచ్చుక ఇంటికి వచ్చిన నెలకి ఆ మేజోళ్ళు కాళ్ళకి సరిపోయాయి. బయట గడ్డకట్టే చలి. మరదలు ఆ పిల్లకి వాటిని తొడిగి, ముచ్చటపడి ఫోటో తీసి పంపింది. మర్నాడు పిల్ల ఏడవడం మొదలుపెట్టింది. కడుపునొప్పనుకున్నారు. చుక్కల మందు వేశారు, బోర్లా వేసి వీపు నిమిరారు, భుజాన వేసుకుని గది ఈ మూల నుంచి ఆ మూలకి తిరిగారు. ఒకటిన్నర రోజు. పిల్లకి చలి తగులుతుందని మేజోళ్ళు మాత్రం తియ్యలేదు. చివరికి స్నానానికని తీయబోతే ఎడమకాలిది ఊడి రాలేదు.

కొట్టుకి ఫోనొచ్చేసరికి మధ్యాహ్నం మూడు. టీచరు ఆసుపత్రికి చేరేసరికి పిల్లని లోపలికి తీసుకెళ్ళిపోయారు. తమ్ముడు గోడకి ఆనుకుని, పనిబట్టల్లోనే, చేతులకి గ్రీజుతో నిలబడి ఉన్నాడు. వయసులో చిన్నదైన ఓ డాక్టరమ్మ వచ్చి విషయం చెప్పింది. మేజోడు లోపల ఒక దారం వదులుగా ఉంది, అది బొటనవేలి పక్కనున్న రెండు వేళ్ళకీ చుట్టుకుంది, కాలు ఆడించిన కొద్దీ బిగుసుకుంది. రక్తం ఆడలేదు. కత్తిరించి తీసేశాం గానీ ఆలస్యమైంది. ఆ మాటలంటూ ఆమె తన వేలికి ఓ గాజుగుడ్డ పోగు చుట్టి లాగి చూపించింది. అంత వివరంగా చూపించకపోయినా బావుండేది.

రెండు రోజులు చూశారు. మూడో రోజున ఆ రెండు వేళ్ళనీ మొదటి కణుపు దాకా తీసేశారు.

కత్తిరించిన మేజోడు ఆసుపత్రి చెత్తబుట్టలో పోయింది. రెండోది మరదలి సంచిలో ఉండిపోయింది. ఆ మొదటి రోజునే ఆమె దాన్ని బయటికి తీసి, రెండు వేళ్ళతో పట్టుకుని టీచరు చేతిలో పెట్టింది. ‘దీన్ని తీసుకుపోండి వదినా. నా కంటికి కనపడనివ్వకండి’ అంది. ఏడుపు లేదు ఆ గొంతులో, ఏమీ లేదు.

టీచరు ఆడవాళ్ళ బాత్రూములోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. మేజోడు తిరగేసింది. మూడు కుట్లకోసారి, లెక్క తప్పకుండా, దారం మెలేసి పట్టివేసి ఉంది. ఒకచోట కూడా చిటికెనవేలి గోరు దూరే సందు లేదు. కన్ను కనబడని మనిషి వేళ్ళతో తడుముకుంటూ అల్లిన అల్లిక అది. అమ్మది. అంటే పోయింది తనది.  టీచరు కమోడు మూత మీద కూలబడింది. ఎవరో తలుపు తడితే, వస్తున్నానండీ అని మామూలు గొంతుతో అంది. ఆ మామూలు గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమెకే తెలియదు.

ఇంటికొచ్చేసరికి అమ్మ దీపం కూడా వేసుకోకుండా కూర్చుని ఉంది. కొడుకు ఫోనులో అంతా చెప్పాడు. అడిగింది ఒకటే మాట.

‘నాదా, నీదా?’

టీచరు చెప్పులు విప్పుకుంటోంది. సంచిలో మేజోడు ఉంది. తీసి ఆ చేతిలో పెడితే చాలు, ఆ వేళ్ళే చెప్పేస్తాయి. పెడదామనే అనుకుంది. ఒక్క నిమిషం ఆగి, కాళ్ళు కడుక్కుని చెబుదామనుకుంది.

‘ఏమో అమ్మా. ముక్కలుగా కోసేశారు. తెలియలేదు’ అంది.

ఈ ఒక్క మాటే ఆమె ఆడిన నిలువెత్తు అబద్ధం. ఆ తర్వాత ఆడాల్సిన అవసరం రాలేదు, తక్కినదంతా అమ్మే చేసి పెట్టింది. కాసేపు తన చేతుల వంక చూసుకుని, నాదే అయ్యుంటుందే, ఈ కళ్ళతో నేను అల్లడమేమిటి, నువ్వయినా వద్దనకపోయావా, అంది. వెంటనే ఫోను తీసుకుని కొడుక్కి కూడా చెప్పేసింది. ‘నాదేరా నాయనా. నా చేతిదే. అక్కని ఏమీ అనకండి’ అంది. టీచరు స్టవ్ దగ్గర పాలు పొంగకుండా చూస్తూ నిలబడి అంతా వింది. కాళ్ళు కడుక్కోవడం ఎప్పుడో అయిపోయింది.

మర్నాడు అమ్మ కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు టీచరు ఆ మిగిలిన మేజోడు ముడి విప్పి లాగేసింది. పసిపిల్ల మేజోడు, ఎంతసేపు. రెండు రంగులూ విడదీసి, రెండు చిన్న ఉండలు చుట్టి, కొట్లో మిగులు ఊలు బుట్టలో కలిపేసింది. కళ్ళపడితే అమ్మ బాధపడుతుందని తనకి తాను చెప్పుకుంది. మనిషి తనకి తాను చెప్పుకునే మాటలకి హద్దేముంది.

అప్పటినుంచి మరదలు అత్తగారిని గుమ్మం తొక్కనివ్వలేదు. అరవలేదు, తిట్టలేదు. ఆవిడ రావద్దు, నా పిల్లని ముట్టుకోవద్దు, అంది, అంతే. తమ్ముడు నచ్చచెప్పబోయి, ఆ ముఖం చూసి నోరు మూసుకున్నాడు. ఒకసారి టీచరు ఎదురుగానే మరదలు, అంత చూపు ఆననప్పుడు ఎందుకు అల్లాలి వదినా, మీరే చెప్పండి, అని నిలదీసింది. టీచరు, అవును, అమ్మకి కళ్ళు సరిగ్గా కనబడటం లేదు, అంది. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఇలాంటి నిజాలు ఆమె తర్వాత చాలా చెప్పింది.

సెలవులు అయిపోయి మరదలు మళ్ళీ పోస్టాఫీసుకి వెళ్ళాల్సి వచ్చినప్పుడు, పిల్లని ఎవరి దగ్గర వదలాలన్న ప్రశ్న వచ్చింది. పరాయి మనిషి చేతిలో పెట్టడానికి మనసొప్పక, మరదలు టీచరు చేతులు పట్టుకుని అడిగింది. మీరైతేనే నాకు ధైర్యం అంది. టీచరు కొట్లో పగటి పని మానేసి, సాయంత్రం పాఠాలు మాత్రం ఉంచుకుంది. పొద్దున ఎనిమిదికి తమ్ముడి ఇంటికి వెళితే అయిదుకి తిరిగి వచ్చేది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆమె బతుకులో అంత సంతోషం అంతకుముందు ఎన్నడూ లేదు. ఒళ్ళో వెచ్చగా బరువుగా ఓ ప్రాణి నిద్రపోవడమంటే ఏమిటో యాభయ్యేళ్ళు వస్తుంటే తెలిసింది. పిచ్చుక మొదటిసారి నవ్వింది ఆమెని చూసే. బోర్లాపడింది, పాకింది, పళ్ళు వచ్చి ఆమె చూపుడువేలు కొరికింది, అన్నీ ఆమె కళ్ళ ఎదుటే. రోజూ స్నానం చేయించి ఆ ఎడమకాలికి నూనె రాసేటప్పుడు, మొండిగా గుండ్రంగా ఉన్న ఆ రెండు వేళ్ళ దగ్గరికి వచ్చేసరికి టీచరు, ఇవాళ సాయంత్రం మరదలు రాగానే చెప్పేస్తాను అనుకునేది. సాయంత్రం మరదలు వచ్చి, ఇవాళ ఏం చేసిందండీ మా పిచ్చుక, అని అడిగేసరికి, ఏం చేసిందో చెప్పడం మొదలుపెట్టేది. చెబితే రేపు ఈ గుమ్మంలోకి రానిస్తుందా? ఆ ప్రశ్న దగ్గర ఆగిపోయేది. ముందు పళ్ళు రానీ అనుకుంది, తర్వాత నడవనీ అనుకుంది.

ఇక్కడ ఇంట్లో అమ్మ సూదులన్నీ ఒక గుడ్డలో చుట్టి కూతురికి ఇచ్చేసింది. రెండో కంటికి ఆపరేషన్ చేయించుకోలేదు. వంతు వచ్చిందని చీటీ వస్తే, ఇంకేం చూడాలని, అంది. జబ్బులా పట్టుకున్న అల్లిక అలా ఒక్కరోజులో వదిలిపోయింది. ఖాళీ చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని, ఒకదాన్ని ఇంకొకటి పట్టుకుని, కిటికీ పక్కన కూర్చునేది. కూతురు తలుపు తియ్యగానే మాత్రం ముఖం ఇటు తిరిగేది. ఏం తింది, ఎంతసేపు పడుకుంది, జుట్టు ఒత్తుగా వస్తోందా, నాన్న పోలికా అమ్మ పోలికా అని ఒకటే ప్రశ్నలు. కాలు గురించి మాత్రం అన్నిటికన్నా చివర, గొంతు తగ్గించి అడిగేది. ఓసారి టీచరు బట్టల మీద పిల్ల కక్కిన పాల మరక ఉంటే, ఉతుకుతాను ఇలా ఇవ్వు అని తీసుకుని, స్నానాలగదిలో ఆ గుడ్డని ముక్కుకి ఆనించుకుని నిలబడింది. టీచరు తలుపు సందులోంచి చూసింది. చూసి, చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చేసింది.

‘ఒక్కసారి ఒళ్ళో పెట్టుకోనిస్తుందేమో అడగవే’ అని అమ్మ రెండుసార్లు అడిగింది. అడుగుతానంది టీచరు. అడిగింది కూడా. మరదలు కుదరదంది. అడగాల్సిన మాట అది కాదని, చెప్పాల్సిన మాట వేరే ఉందని టీచరుకి తెలియక కాదు. తనని చూస్తే తనకే అసహ్యం వేసేది. పొద్దున ఎనిమిదయ్యేసరికి ఆ అసహ్యం కాస్తా ఎటో పోయి, కాళ్ళు బస్టాపు వైపు పరిగెత్తేవి.

పిచ్చుక నడిచింది. కాస్త ఎడమపక్కకి ఒరుగుతూ నడిచింది, అయినా నడిచింది. ఇప్పుడు చెప్పకపోవడానికి సాకులు కూడా అయిపోయాయి. అలాంటి సమయంలో, మళ్ళీ చలికాలం వెళ్ళిపోతుండగా, అమ్మకి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేసింది. వార్డులో చేర్చిన నాలుగో రోజున పెద్ద డాక్టరు తమ్ముణ్ణి పక్కకి పిలిచి, చూడాల్సినవాళ్ళు ఎవరైనా ఉంటే రమ్మనండి అన్నాడు. చూడాల్సింది ఎవరో అక్కకీ తమ్ముడికీ తెలుసు. తమ్ముడు వెళ్ళి భార్యని బతిమాలాడు. ఆమె తల అడ్డంగా ఆడించింది.

మర్నాడు ఆదివారం. టీచరు తిన్నగా తమ్ముడి ఇంటికి వెళ్ళింది. మరదలు వంటగదిలో గిన్నెలు తోముతోంది, తమ్ముడు వార్డులో ఉన్నాడు. పిచ్చుక నేల మీద మూతలు వాయిస్తోంది. టీచరు కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

‘ఆ సాక్సు అమ్మది కాదు. నాది’ అంది.

మరదలు నల్లా కట్టేసింది. టీచరు ఒక్క గుక్కలో అంతా చెప్పేసింది. కొట్లో ఆ సాయంత్రం, ఏడు కుట్లు, అట్టపెట్టె, ఆసుపత్రి బాత్రూము, మిగిలిన మేజోడు తిరగేసి చూడటం. అమ్మ అల్లినదాంట్లో ఒక్క దారం వదులు లేదు, నేను చూశాను, ఏడాదికి పైగా దాచిపెట్టాను, నన్ను ఏమంటావో అను, ఆవిడకి పిల్లని చూపించు, అంది. చెబుతున్నంతసేపూ కళ్ళలోంచి నీళ్ళు కారిపోతూనే ఉన్నాయి, తుడుచుకోలేదు.

మరదలు చేతులు తుడుచుకుని, ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది.

‘ఆ మిగిలిన సాక్సు ఏదీ?’

‘విప్పేశాను.’

మరదలి ముఖం మెత్తబడింది. టీచరు దేనికైనా సిద్ధపడి వచ్చింది గానీ, ఆ మెత్తదనానికి సిద్ధపడలేదు. మరదలు దగ్గరికి వచ్చి ఆమె భుజాల చుట్టూ చేతులు వేసింది. అత్తయ్య ఆ రోజే తనదేనని ఒప్పుకుంది కదా, మీ తమ్ముడితో ఫోనులో చెబుతుంటే నేను పక్కనే ఉన్నాను కదా, అంది. ప్రాణం పోతున్న తల్లి కోసం ఇంత నింద నెత్తిన వేసుకుంటారా ఎవరైనా, అంది. కాదు, నిజంగా నాదే, ఒట్టు, అని టీచరు గింజుకుంది. పదిమందికి నేర్పే మనిషి మీరు, పసిపిల్ల వస్తువులో దారం వదిలేస్తే ఏమవుతుందో మీకు తెలియదా, అంది మరదలు. 

‘నాకు ఎవరి మీదో ఒకరి మీద కోపం ఉండాలి వదినా’ అంది మరదలు. ‘ఒకటిన్నర రోజు ఏడుస్తుంటే ఆ సాక్సు ఒక్కసారి తీసి చూడనిది నేను. ఆ కోపం అత్తయ్య మీద లేకపోతే నా మీదికే వస్తుంది. వస్తే నేను బతకలేను. మిమ్మల్ని మాత్రం అందులోకి రానివ్వను.’

తర్వాత ఆమె లోపలికి వెళ్ళి పిల్లకి కోటు తొడిగింది. ఆవిడ కోసం కాదు, మీరు ఇంతకి తెగించారు కాబట్టి, మీ కోసం, అంది.

వార్డులో కిటికీ పక్క మంచం. అమ్మ సగానికి సగం అయిపోయింది. తమ్ముడు తలగడలు ఎత్తి పెట్టి, అమ్మా, ఎవరొచ్చారో చూడు, అన్నాడు. అమ్మ బాగున్న ఆ ఒక్క కంటితో వెతుక్కుని, పిచ్చుక మీద చూపు నిలిపింది. చూసింది, చూసింది, కళ్ళు ఆర్పితే పిల్ల మాయమైపోతుందన్నట్టు చూసింది. మరదలు పిల్లని తీసుకెళ్ళి మంచం మీద, ఆవిడ ఒళ్ళో, కూర్చోబెట్టింది.

అమ్మ ముందు ఆ ఎడమకాలి బూటు మీద చెయ్యి వేసింది. విప్పలేదు, ఊరికే వేసింది. తల ఎత్తి కోడలి వైపు చూసి, ఒక్కో మాటా ఊపిరి అందుకుంటూ అంది.

‘నా చేతులతో చేశానమ్మా. నన్ను క్షమించు.’

టీచరు మంచం కాళ్ళవైపు నిలబడి ఉంది. నోరు తెరిచింది. అమ్మా అంది. మరదలు వెంటనే ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుని, తల అడ్డంగా ఆడించింది. చెవి దగ్గరికి వంగి, వద్దు వదినా, ఇక మీరు ఏమీ చెప్పకండి, ఆవిణ్ణి మనసులో మాట చెప్పుకుని ప్రశాంతంగా పోనివ్వండి, అంది. టీచరు నోరు మూసుకుంది. ఆ చెయ్యి అలా పట్టుకోకపోతే మాత్రం చెప్పేదా అంటే, ఏమో. పట్టుకున్నందుకు లోపల ఎక్కడో ఊరట పుట్టింది, ఆ ఊరటని ఆమె గుర్తుపట్టింది కూడా.

‘సరే అత్తయ్యా. అయిపోయిందిగా’ అంది మరదలు. తమ్ముడు అటు తిరిగి ముఖం తుడుచుకున్నాడు.

అమ్మ కళ్ళు మూసుకుంది. చెంపలమీద నీళ్ళు కారుతున్నాయి గానీ ముఖం తేటపడింది. మనవరాలిని దగ్గరికి తీసుకోబోయింది. పిచ్చుకకి ఆ ముసలి ముఖం తెలియదు. ముక్కు దగ్గర గొట్టాలు, ఎముకలు తేలిన చెయ్యి, ఆ గురగురమనే ఊపిరి చూసి ఒక్కసారిగా బిగుసుకుపోయింది. ఆపైన ఏడుపు లంకించుకుంది. తండ్రి పిలిచాడు, తల్లి పిలిచింది. ఎవరి వైపూ చూడకుండా, మంచం కాళ్ళవైపు నిలబడ్డ మేనత్త వైపు రెండు చేతులూ చాపి వెక్కి వెక్కి ఏడ్చింది.

‘తీసుకోవే’ అంది అమ్మ, కళ్ళు తెరవకుండానే. ‘నీ దగ్గరయితే ఊరుకుంటుంది.’

టీచరు వంగి పిల్లని తల్లి ఒళ్ళోంచి తీసుకుంది. భుజాన వేసుకోగానే పిచ్చుక ఊరుకుంది.